నా సంతకం కీ

శుక్రవారం, దీపం కొండెక్కాక.

పంచాయతీ కంప్యూటర్ల భద్రత చూడ్డానికి విజయనగరం నుంచి ఒకమ్మాయి వచ్చింది. "సర్పంచిగారూ, మీ డిజిటల్ సంతకం కీ ఎవరి దగ్గరుంటుంది?" అని నన్నడిగింది. పెన్‌డ్రైవ్‌లా ఉండే ఆ కీని మా ఆయన తన జేబులోంచి తీశారు. పాస్‌వర్డ్ చీటీ దానికే అంటించి ఉంది.

"నా పెళ్లాం సంతకం నా జేబులో ఉంటే ప్రమాదమేటమ్మా?" అని నవ్వారు.

"ఆవిడకి తెలీకుండా ఊరి డబ్బు ఎవరైనా తీసెయ్యొచ్చు సార్."

ఇన్నాళ్లూ నా పేరున వేటి మీద సంతకాలు పడ్డాయో... అమ్మవారికే తెలియాలి.

కీ అందుకుని కొంగున ముడేసుకున్నాను. ఆ పిల్ల చూపిస్తే పాస్‌వర్డ్ నేనే మార్చాను.

ఇంటికొచ్చాక, "ఇలా ఇచ్చీయే, నీకేటి తెలుస్తాది?" అన్నారు.

"తెలుసుకుంటానండీ. సంతకం నాది" అన్నాను. గొంతు పెంచలేదు.

అలిగి పడుకున్నారు. ఆయన అన్నం మూతపెట్టి ఉంచాను. కీ మాత్రం ఇవ్వను. కొత్త పాస్‌వర్డ్ ఈ డైరీలో కూడా రాయను.