కయాక్ దిగేటప్పుడు

దుర్గేష్ బావగారికి,

ఫోన్ చేస్తే నవ్వి దాటేస్తారు. అందుకే ఈ ఉత్తరం.

పోయిన ఎండాకాలం బోటింగ్ అని చెప్పి నన్ను దుర్గం చెరువుకు తీసుకుపోయారు. తీరా చూస్తే అది ఇద్దరు కూర్చుని తెడ్డేసే సన్నటి పడవ, కయాక్. ఒడ్డుకు వచ్చాక ముందు మీరు దిగారు. నేను లేవబోతుంటే కాలితో అంచు నొక్కారు. నేను చీరతో నడుము లోతు నీళ్లలో పడి కొట్టుకుంటుంటే, మీరు ఫోన్ నా మీదికి తిప్పి "ఏమైతది, లైఫ్ జాకెట్ ఉంది గదా, జర నవ్వు" అన్నారు. నాంపల్లి దాకా మెట్రోలో నిలబడే వచ్చాను. సీట్లు ఖాళీగా ఉన్నా, తడి చీరతో ఎలా కూర్చుంటాను?

ఆ వీడియో అబిడ్స్‌లో మీ షాపుకొచ్చిన గిరాకీలకు ఇంకా చూపిస్తున్నారట. "మా మరదలు చేపలు పట్టింది, సూడున్రి" అంటున్నారట.

అప్పటినుంచి ఆదివారాలు ఆ చెరువులోనే గడిపాను. అక్కడి కోచ్ మొదటి రోజే కయాక్‌ను బోల్తా కొట్టించి, మళ్లీ ఎక్కడం నేర్పాడు. ఇప్పుడు పడితే నాకు నవ్వొస్తుంది.

వచ్చే ఆదివారం మీ పుట్టినరోజుకు మనిద్దరికీ కయాక్ బుక్ చేశాను. "ఆయనకు ఈత రాదే" అని అక్క భయపడింది. ఫికర్ చేయొద్దన్నాను, మీ జాకెట్ నేనే బిగించి కడతాను. మీ గిరాకీలను కూడా పిలిచాను, ఫోన్లు పట్టుకుని ఒడ్డున ఉంటారు. రానంటే, ఎందుకు రాలేదో వాళ్లకు నేనే చెబుతాను.

ఏ సీటు కావాలో మీరే చూసుకోండి. దిగేటప్పుడు మాత్రం ముందు నేను దిగుతాను.

మీ మరదలు