వెలుగు కనిపించిన చోటు

గురువారం, రాత్రి

ఆకాశంలో వెలుగుతూ కనబడే ఎగిరే పళ్లేల సంగతి తన పైఅధికారులు ఎన్నేళ్లు దాచారో చెబుతూ ఒక విదేశీ సైనికాధికారి రాసుకున్న పుస్తకం చదవడం ఇవాళ పూర్తయింది. సాయంత్రం వల బాగుచేస్తున్న మా ఆయనకు అదంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. చేతిలో పని ఆపి, "అలాటి ఎలుగు నానూ సూసినానే. మన పెళ్లికి ముందు, సముద్రం మీద" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఇన్నేళ్లూ నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే ఎక్కడ సూసినావని అడుగుతావు గదే! అది మా అయ్య సూపించిన సేపల సోటు. నా తమ్ముడికే సెప్పలేదు."

మా వాళ్లంతే. దయ్యాన్ని చూశామని ఊరంతా చెబుతారు గానీ, చేపలు పడే చోటు మాత్రం చెప్పరు. ఆ అధికారి నయం, చివరికి పుస్తకమైనా రాశాడు.

కాసేపటికి తనే గొంతు తగ్గించి, పడవలోంచి చూస్తే ఒడ్డున ఏ గుర్తు వెనక ఏ గుర్తు వరసగా కనబడితే అది ఆ చోటో చెప్పాడు. "ఓసారి నిన్నూ తీసుకెల్తాను, సూద్దువు గాని" అన్నాడు. ఆడది పడవెక్కితే ఊళ్లో ఏమంటారో... ఇప్పుడు మా తీరాన వెలిగే భోగాపురం విమానాశ్రయం దీపాల ముందు ఆ వెలుగు మళ్లీ కనబడుతుందో లేదో...

అయినా వెళ్తాను. ఆ చోటెక్కడో మాత్రం ఈ డైరీలో కూడా రాయను.