చెప్పులు విప్పి తూకం

ప్రియమైన అక్కకి,

మందుల షాపులో నిలబడి ఈ ఉత్తరం చదువుతుంటే, ముందు ఆ స్టూలు లాక్కుని కూర్చో.

నిన్న ఉదయం పెద్ద తరగతికి పరమాణు కేంద్రకం పాఠం చెబుతున్నాను. హీలియం ద్రవ్యరాశి లోపం, దాన్నుంచి బంధన శక్తి. ఏటా చెప్పేదే, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. రెండు ప్రోటాన్లనూ రెండు న్యూట్రాన్లనూ విడివిడిగా తూచి కూడాలి. తర్వాత అవే నాలుగూ కలిసి ఉన్న కేంద్రకాన్ని తూచాలి. కలిసి ఉన్నప్పుడు బరువు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని శక్తిలోకి మారిస్తే, ఆ నాలుగింటినీ విడదీయడానికి ఎంత శక్తి కావాలో తెలుస్తుంది. పిల్లలందరూ బోల్తా పడేది ఒకే చోట. పట్టికలో ఇచ్చేది మొత్తం పరమాణువు బరువు, అందులో బయట తిరిగే రెండు ఎలక్ట్రాన్లు కూడా కలిసి ఉంటాయి. వాటిని తీసేయకుండానే లెక్క కట్టి, ఇరవై ఎనిమిది చిల్లర రావాల్సిన చోట ఇరవై ఏడు చిల్లర తెచ్చి చూపిస్తారు. ఆ తప్పు చూస్తే నాకెంత ఒళ్లుమంటో నీకు తెలుసు.

నిన్నా ఒకడు బోర్డు దగ్గర అదే చేశాడు. నేను నోరు తెరిచేలోపే, ఈ మధ్యే చేరిన ఒక అమ్మాయి వెనక బెంచీ నుంచి అంది: "ఒరేయ్, చెప్పులతో తూకం ఎక్కించావు. ముందు చెప్పులు విప్పు."

క్లాసంతా నవ్వింది.

అక్కా, అది నాన్న మాట. ఏ పుస్తకంలోనూ లేదు, నేను వెతికాను. నా క్లాసు పిల్లలకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. నాన్న దగ్గర్నుంచి నాకు మిగిలిందే ఆ కాస్త, పదిమందికి పంచడానికి మనసు ఒప్పలేదు. నాన్న గురించి నాకున్న ఒకే ఒక్క జ్ఞాపకం కూడా అదే కదా. రైల్వే స్టేషనులో బరువు చూసే మిషను, పక్కన నా ఎర్ర చెప్పులు పట్టుకున్న చెయ్యి. "వాటి బరువు నీ బరువు కాదే, విప్పి ఎక్కు." మొహం గుర్తులేదు, చెయ్యి మాత్రం గుర్తుంది.

ఆ అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచాను. పరమాణువు బరువు 4.0026 లోంచి రెండు ఎలక్ట్రాన్లకి 0.0011 తీసేసి 4.0015 రాసింది. విడివిడిగా కూడితే 4.0319. లోపం 0.0304. దాన్ని 931.5తో గుణించి 28.3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు తెచ్చి, వెనక్కి తిరిగి, "తగ్గింది కదా అని తేలిగ్గా చూడకండి. విడదీద్దామని వచ్చినవాడు అదంతా తెచ్చి ఇచ్చుకోవాలి" అంది. అది కూడా నాన్నదే, నాన్న అనేవారని నువ్వు నాకు చెప్పినట్టే, అక్షరం పొల్లు పోలేదు.

"ఎవరు నేర్పారమ్మా?" అన్నాను.

"మా నాన్నండీ. బేకరీ నడుపుతారు."

సాయంత్రం ఆ బేకరీకి వెళ్లాను. వీధిలోనే నిలబడి అద్దంలోంచి చూశాను. వీపు ఇటు పెట్టి ఒకాయన పొయ్యిలోంచి ట్రేలు లాగుతున్నాడు. తలంతా తెల్లగా ఉంది. నాన్న వీపు ఎలా ఉండేదో నాకు తెలియదు, అయినా అదేననుకున్నాను. ఆయన ఇటు తిరిగేలోపు పారిపోయి వచ్చేశాను.

నిజం చెప్పు. పడవ మునిగింది, మనిషి దొరకలేదు అని అమ్మా నువ్వూ నాకు చెప్పారు. అమ్మ ఉంటే అమ్మనే నిలదీసేదాన్ని. ఆయన మనల్ని వదిలేసి, ఇక్కడ ఇంకో పిల్లకి తండ్రై, నా మాటలన్నీ దానికి ధారపోశాడా? ఆ అమ్మాయి మొహం చూస్తూ పాఠం చెప్పడం నావల్ల కాదు. నీ జవాబు రాగానే వెళ్లి ఆయన్ని మొహాన అడిగేసి, ఈ ఊరి నుంచి బదిలీకి పెట్టుకుంటాను.

నీ టపాకాయ

*

నా టపాకాయకి,

ఎవర్నీ మొహాన ఏమీ అడక్కు. ముందు ఇది చదువు.

నాన్న పోయారు. పడవ మునిగాక దొరికారు కూడా. అమ్మతో వెళ్లి నేనే గుర్తుపట్టాను, అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆ చూసింది నాలుగేళ్ల పిల్లకి చెప్పే మాట కాదని, దొరకలేదు అన్నాం. తర్వాత దిద్దుకోవడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.

నువ్వు చూసింది తెల్లజుట్టు కాదే, పిండి. అతనికి నా వయసే. కాలేజీలో నా పక్క బల్ల. నాన్నని అతను ఎన్నడూ చూడలేదు. ఆ మాటలు అతనికి నేర్పింది నేను.

ఇంకోటి కూడా చెప్పాలి, కూర్చునే ఉన్నావు కదా. అవి నాన్న మాటలు కావు. నాన్న మంచి మాస్టారే, కానీ ఊళ్లో పిల్లలందరికీ చెప్పి ఇంటికొచ్చేసరికి మనతో మాట్లాడే ఓపిక ఉండేది కాదు. చెప్పులూ తూకమూ నేను కల్పించినవే. నువ్వు లెక్క రాక ఏడుస్తూ కూర్చునేదానివి. నేను చెబితే వినేదానివి కాదు. ఒకరోజు విసుగెత్తి, "నాన్న ఇలా చెప్పేవారు" అన్నాను. టక్కున కళ్లు తుడుచుకుని విన్నావు. ఒకసారి పనిచేసింది కదా అని మళ్లీ వాడాను, తర్వాత అదే అలవాటైపోయింది. స్టేషనులో నీ ఎర్ర చెప్పులు పట్టుకున్న చెయ్యి నాదే. అప్పటికి నాన్న పోయి మూడేళ్లు.

అతనూ నేనూ పెళ్లి చేసుకుందామనుకున్నాం. వాళ్ల బాబాయి బేకరీ చూసుకోవడానికి అతను ఆ ఊరు వెళ్లాల్సొచ్చింది. అమ్మకి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు, నువ్వేమో ఇంకా జడ కూడా వేసుకోలేవు. "చెల్లిని కూడా తీసుకుపోదాం" అన్నాడు, మంచివాడు. మరి అమ్మని ఎవరికి వదలను? నేనే వద్దన్నాను. చాలా ఏడ్చాను, అబద్ధమెందుకు. తర్వాత బాగానే ఉన్నాను, అదీ అబద్ధం కాదు. నీకు ఆ ఊరు బదిలీ అయిందన్నప్పుడే అతను గుర్తొచ్చాడు. కానీ నా మాటలు కూతురికి చెప్పి పెంచాడని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఆ పూట దగ్గుమందు అడిగినావిడకి కడుపునొప్పి మందిచ్చి పంపించి, వెనకాలే వీధి చివరిదాకా పరిగెత్తాను.

నీ నాన్నని నేనే ఇచ్చి, నేనే లాక్కున్నట్టుంది. తిట్టాలనుంటే తిట్టు.

నీ అక్క

*

అక్కా, నా అక్కా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. బెల్లు కొట్టినా లేవలేకపోయాను. హెడ్మాస్టరు వచ్చి నన్ను చూసి, "ఎవరైనా పోయారా అమ్మా?" అన్నారు. "మా నాన్నండీ" అన్నాను. పాపం ఆయన వెంటనే సెలవు రాసిచ్చారు.

ఆ రోజంతా నీ మీద కోపంతోనే ఉన్నాను. అబద్ధం చెప్పావని కాదు. చిన్నప్పటి నుంచీ నువ్వు నా కళ్లెదుటే ఉంటే, నీ చేతిని ఇంకొకరిది అనుకుని మురిసిపోయేలా చేశావని. నాకు జడ వేసిన చేతిని నేను పోల్చుకోలేకపోయాను.

తర్వాత బేకరీకి వెళ్లాను, రొట్టె కొనడానికే. జుట్టు మీద పిండి, మొహంలో నా పోలిక ఒక్కటీ లేదు. కౌంటరు దగ్గర ఆయన భార్య నవ్వుతూ రొట్టె కట్టిచ్చింది. "అమ్మాయికి లెక్కలు బాగా నేర్పారండీ" అన్నాను. "నాదేం లేదు టీచరుగారూ, నాకు ఒకరు నేర్పారు" అని ఆయన ట్రే పొయ్యిలోకి తోశాడు. నేనెవరో చెప్పలేదు.

బదిలీకి పెట్టుకోవడం లేదు. ఈ రోజు క్లాసులో కార్బన్ లెక్క ఇస్తే, మళ్లీ ఒకడు ఎలక్ట్రాన్లతో సహా తూచేశాడు. మొదటిసారి నా నోటితో అన్నాను, "చెప్పులు విప్పరా" అని. ఆ అమ్మాయి లేచి, "టీచర్, అది మా నాన్న మాట" అంది.

"మీ నాన్నది కాదు, మా నాన్నదీ కాదు" అన్నాను. "మా అక్కది."

సాయంత్రానికల్లా బేకరీకి తెలిసిపోతుంది. తిట్టాలనుంటే తిట్టు. లెక్క పక్కన బోర్డు మీద అదే రాశాను, "ఇది మా అక్క మాట" అని. పిల్లలు అది కూడా లెక్కలో భాగమనుకుని నోట్సులో ఎక్కించుకున్నారు. నేను ఆపలేదు.

నువ్వు పెంచిన టపాకాయ