మా గడప దాటిన పూజ

ఫాదర్ గార్వీ గారికి,

నా భార్య డీలియా మంచం పట్టిందని విని, ఈ వసంతంలో మా ఇంట్లో పూజ చేస్తానని కబురంపారు. ఇన్నేళ్లకు మీకు దయ కలిగింది. దయచేసి రావద్దు.

మీ ప్రసంగాలను వెక్కిరిస్తూ నేను పుస్తకం రాసిన నాటి నుంచి, ఊళ్లో ఇంటింటికీ వంతున తిరిగే పూజ మా గడప తొక్కకుండా దాటిపోతూనే ఉంది. అయినా మా వంతు వస్తుందేమోనని డీలియా ఏటా గోడలకు సున్నం వేసేది. "ఈసారీ మీ ఇల్లు దాటేశారు, అంతా మీ ఆయన కలం చలవ!" అని పొరుగింటి టాన్సీ ఎత్తిపొడిస్తే, "సున్నం ఎక్కడికీ పోదులేవే, పైయేటికి ఉంటుంది" అనేది.

పూర్వం మన ఐర్లండులో కవి తిడితే రాజు మొహాన పొక్కులు లేచేవట. నా తిట్టుకు మీ బుగ్గలు నున్నగానే ఉన్నాయి. పుండ్లు డీలియా వీపున లేచాయి.

ఆమెకిప్పుడు చూపు లేదు. మొన్న "ఫాదర్ వచ్చారా?" అని అడిగింది. పుస్తకం పొడుగునా మీ గొంతు పలికించినవాణ్ణి కనుక, ఆ గొంతుతోనే లాటిన్‌లో పూజ మొదలుపెట్టాను. ఆమె తన పాపాలు ఒప్పుకుంటూ పాపసంకీర్తనం చేసుకుంది.

"ఆయన్ని కట్టుకున్నందుకు ఏడవని రోజు లేదు ఫాదర్. ఆయనకు మాత్రం చెప్పకండి" అంది.

మీ గొంతుతోనే క్షమించాను.

మీరు వస్తే, అది విన్నది ఎవరో ఆమెకు తెలిసిపోతుంది.