నీ బదులు నేను చెప్పిన జవాబు

అక్కకు,

నీ వాగుడుకాయ చెల్లి నమస్కారాలు. నువ్వూ బావగారూ పాపా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. ఇక్కడ కూడా అందరూ బాగానే ఉన్నారు. నేను మాత్రం వారం రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ముందు నీ ప్రశ్నలు. నా మోకాలి నొప్పి తగ్గింది, మెట్లు దిగేటప్పుడే కాస్త సతాయిస్తోంది. మా కాలేజీకి కొత్త బట్టలేం అక్కర్లేదు, వచ్చేది మా పిల్లల పరీక్షలో పేషెంటుగానే కానీ పెళ్లికి కాదు. "నువ్వు నా పక్కనే ఉంటావు కదా?" అని చివర్లో అడిగావు. దానికి జవాబు రాయడానికే చెయ్యి రావడం లేదు.

నర్సింగ్ పిల్లలకు మాట్లాడటం కూడా నేర్పాలా అని నవ్వావు. నేర్పాలే అక్కా! సూది వెయ్యడం తొందరగానే వస్తుంది. మంచం మీదున్న మనిషిని వదిలేసి పక్కనున్నవాళ్లను అడిగే అలవాటు మాత్రం ఓ పట్టాన పోదు. అందుకే ముగ్గురేసి చొప్పున నాటకం ఆడిస్తాను. ఒకరు నర్సు, ఒకరు చెవుల్లో దూది పెట్టుకున్న పేషెంటు, ఇంకొకరు తోడొచ్చిన చుట్టం.

పోయిన వారం చుట్టం వేషం మా రేడియోకి పడింది. నోరు మూతపడదని వాడికి క్లాసంతా కలిసి పెట్టిన పేరది. నర్సు ఒకటడిగితే వాడు పది చెప్పాడు. నొప్పి ఎప్పటినుంచో వాడే చెప్పాడు, కాలి కట్టు ఎప్పుడు మార్చాలో కూడా వాడే తేల్చేశాడు. పేషెంటు వేషం వేసిన అమ్మాయి అటూ ఇటూ చూసి చూసి చెవుల్లో దూది పీకి విసిరికొట్టింది.

"కాలు నాది! మీరిద్దరే మాట్లాడుకుంటే ఇక్కడ నేనెందుకు?" అంది, నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుని.

అందరూ నవ్వారు. రేడియో ఒక్కడే నవ్వలేదు. "నేను సాయం చేస్తున్నాననే అనుకున్నాను మేడమ్. మీరెప్పుడైనా ఇలా చేశారా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను. తడుముకోకుండా అనేశాను అక్కా. ఆ తర్వాత పాఠం ఏం చెప్పానో నాకే తెలియదు.

ఏడేళ్ల కిందట నిన్ను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేనే కదా. నీకు వినపడదని తెలిశాక ఆయన కుర్చీ నావైపు తిప్పుకున్నాడు. పావుగంట నాతోనే మాట్లాడాడు. నువ్వు ఆయన పెదాలు చదవాలని మెడ చాచి చూస్తూనే ఉన్నావు. బయటికొచ్చాక ఏమన్నాడని అడిగితే మందుచీటీ వెనక "ఆపరేషన్ తప్పదు" అని రాసిచ్చాను. నువ్వు నా మొహం చూసి, సరేనని తలూపి, కాగితాల మీద సంతకం పెట్టావు.

ఆయన తప్పదనలేదు అక్కా. ఆరు నెలలు మందులతో చూడొచ్చు, తగ్గే అవకాశం ఉంది, లేదంటే గర్భసంచి తీసేద్దాం, ఏమంటారు అన్నాడు. "తీసేయండి" అన్నాను నేను. నీ బాధ చూడలేకపోయాను, అది నిజమే. అదంతా నీకు రాసి చెప్పడానికి ఓపిక లేకపోయింది, అదీ నిజమే. పాపకు తమ్ముడో చెల్లో ఉంటే బాగుండేదని నువ్వు అన్నప్పుడల్లా నేను ఏదో పని కల్పించుకుని వంటింట్లోకి ఎందుకు పోతానో ఇప్పుడు నీకు తెలుస్తుంది.

వచ్చే సోమవారం పిల్లల పరీక్ష. ఇది చదివాక రావాలో వద్దో నీ ఇష్టం. కోపం వస్తే రాసి తిట్టు, నా మొహం చూడబుద్ధి కాకపోతే అదీ రాయి. వస్తే మాత్రం నేను నీ పక్కన ఉండను, తలుపు బయట కూర్చుంటాను. నీ ఎదురుగా నర్సుగా రేడియో ఉంటాడు. నీ మొహం చూసి, నెమ్మదిగా, నిన్నే అడుగుతాడు. వాడికి నేర్పగలిగాను.

ఆ రోజు చీటీ మీద నేను రాయాల్సింది ఇది: "ఆరు నెలలు మందులతో చూడొచ్చట. లేదంటే ఆపరేషనట. నువ్వేమంటావు అక్కా?"

ఇట్లు,
నీ చెల్లి