అంతయ్య బిగించిన వెనుక లైట్ల విషయమై

కొత్తపేట,
అక్టోబరు, 2011.

డివిజన్ పోలీసు అధికారి వారి సముఖమునకు, నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా పనిచేసి విశ్రాంతి పొందిన పట్టాభి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా కారు వెనుక ఎల్‌ఇడి లైట్లు బిగించిన ఎలక్ట్రీషియన్ అంతయ్యపై నా కుమారుడు చేసిన ఫిర్యాదు వాస్తవము కాదనియు, ఆ విషయమున నా వాంగ్మూలము నమోదు చేసుకొని అంతయ్యను విడిచిపెట్టవలెననియు మనవి.

తమరు నన్ను ఎరుగరు కనుక ముందుగా నా సంగతి రెండు మాటల్లో మనవి చేసుకొంటాను. మాది తెనాలి దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా ఈ నగరానికి వచ్చి కొత్తపేటలో స్థిరపడినాము. ఉద్యోగకాలమంతా ఇతరుల అర్జీలకు ఫైలు నంబర్లు వేసి పై అధికారులకు పంపినవాడను. నా కోసం వ్రాసుకొనడం ఇదే మొదలు.

1. నా కుమారుడు నాగార్జున దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరులో లెక్కలు చెప్పును. గత నెలలో తెలంగాణ ఉద్యమం ఊరేగింపు జరిగిన రోజున రోడ్డు పక్కన నిలిపిన మా కారుకు ఒక రాయి తగిలి వెనుక ఎడమవైపు లైటు పగిలినది. ఎవరు విసిరారో మాకు తెలియదు, ఆ విషయమై నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. సమ్మె వల్ల లారీలు రావడం లేదనీ, కంపెనీ లైటు ఎప్పటికి వస్తుందో చెప్పలేమనీ షోరూము వారు తెలిపినారు. అందుచేత నాగార్జున కార్ల సామాను అమ్మే ఒక కొట్టులో ఎల్‌ఇడి లైట్లు కొని తెచ్చినాడు. జతగా తప్ప అమ్మరట. కాబట్టి బాగున్న కుడివైపు లైటు కూడా పీకివేయవలసి వచ్చినది.

2. వాటిని బిగించిన అంతయ్యది నల్లగొండ జిల్లా. మా వీధి మలుపులో అతనికి కారు ఎలక్ట్రికల్ షాపు ఉన్నది. మా కారు హారను మొదలు బ్యాటరీ దాకా ఏళ్ళ తరబడి అతనే చూస్తున్నాడు. షాపు మీద ఉద్యమం జెండా కట్టినాడు. పగలు రిలే నిరాహార దీక్షల డేరాలో కూర్చొనేవాడు. లైట్లు బిగించిన రోజు మేము పిలిస్తే డేరాలో నుంచి లేచి వచ్చి, సగం షట్టరు ఎత్తి, మెడలో కండువాతోనే పని మొదలుపెట్టినాడు. సమ్మెలో పని చేస్తున్నాడని తోటివారు ఎవరో కేక వేస్తే, "పెద్ద సారు బండి రా బయ్, లైటు లేకుంటె ఎట్ల తిర్గుతడు?" అన్నాడు. ఈ మాట నేను విన్నాను. దయచేసి దీనిని ప్రత్యేకముగా నమోదు చేయించండి.

3. బిగించిన తీరు ముఖ్యము గనుక వివరముగా వ్రాస్తున్నాను. కొత్త లైట్ల ప్లగ్గు మా కారు సాకెట్టులో పట్టలేదు. అంతయ్య డిక్కీ లోపలి అట్ట విప్పి, పాత వైర్లు కత్తిరించి, కొత్త వాటిని ఒక్కొక్కటిగా కలిపినాడు. రెండు లైట్లకూ బ్రేకు వైరును ఒకే చోట కలిపినాడు. దానిని సాల్డరింగుతో అతికించబోయే వేళకు కరెంటు పోయినది. బొగ్గు గనుల సమ్మె వల్ల కోతలు ఎట్లా ఉన్నాయో తమకు తెలియనిది కాదు. కాసేపు చూసి, వైర్లు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టినాడు. నాగార్జున బ్రేకు తొక్కితే నేను కారు వెనుక నిలబడి చూచినాను. ఎర్రచుక్కలన్నీ ఒక్కసారిగా భగ్గుమన్నాయి.

"వెలిగిందా నాన్నా?"

"వెలిగింది."

అంతయ్య తృప్తిపడలేదు. నా కుమారుని దగ్గరకు వచ్చి ఇట్లా అన్నాడు. అతని మాటలను అతని మాటల్లోనే వ్రాస్తున్నాను.

"సార్, బ్రేకు వైరు ఉత్తగ మెలిపెట్టి టేపు చుట్టిన. గుంతల్ల ఎగిరితె ఊడొచ్చు. కరెంటొచ్చినంక అతికిస్త. గప్పటిదాంక బండి రోడ్డెక్కియ్యకుండ్రి."

"సరేలే అంతయ్యా, ఇంటి దగ్గరే ఉంటుంది" అని నా కుమారుడు అన్నాడు.

ఫిర్యాదులో మాత్రం, లైట్లు బిగించేటప్పుడు తాను తప్ప మరెవ్వరూ లేరనీ, అంతా బాగున్నదని చెప్పి అంతయ్య బండి అప్పగించినాడనీ ఉన్నది. నేను ఉన్నాను. అంతయ్య చెప్పినాడు. మా ఇద్దరికీ వినపడింది.

4. దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసులు మూయించినందున కోచింగ్ సెంటరు వారు హయత్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలులో చెప్పించుచున్నారు. మరునాడు మధ్యాహ్నం నాగార్జున కారు తీసినాడు. బస్సులు లేవు. ఆటోలు అంత దూరం రామన్నాయి. నన్ను కూడా రమ్మన్నాడు. పక్కన పెద్దాయన ఉంటే దారిలో ఎవరూ కారు ఆపరని అతని ఆలోచన. నేను ఎక్కినాను.

మలుపు దగ్గర, "అంతయ్య దగ్గర ఒక్క నిమిషం ఆపరా, ఆ వైరు సంగతి చూస్తాడు" అన్నాను.

"కరెంటు లేదుగా నాన్నా, వాడు మాత్రం ఏం చేస్తాడు? వచ్చేటప్పుడు చూద్దాం. పిల్లలు ఎదురు చూస్తుంటారు."

నేను ఇంకేమీ అనలేదు. వాడి మాటలోనూ న్యాయం ఉన్నదనిపించింది.

5. తిరిగి వచ్చేటప్పుడు పొద్దు గుంకినది. కారు లైట్లన్నీ వేసుకొనే వస్తున్నాము. ఎల్.బి.నగర్ ఇంకా రాకముందే రాస్తారోకో జరుగుచున్నది. రోడ్డుకు అడ్డంగా టైర్లు తగలబెట్టినారు. పొగలో నుంచి మంట ఒక్కసారిగా కనపడేసరికి నాగార్జున గట్టిగా బ్రేకు తొక్కినాడు. కారు ఆగినది. మరుక్షణం వెనుక నుంచి ఏదో గుద్దుకొన్న చప్పుడు.

గోపయ్య అనే రైతు మోపెడ్ మీద వస్తున్నాడు. వెనుక భార్య కిష్టమ్మ, ముందు తోటకూర మూటలు. తెల్లవారి బజారుకు బస్సు దొరకదని సాయంత్రమే బయలుదేరినారట. నేను దిగి చూచేసరికి ఆకుకూర రోడ్డంతా పరుచుకొని ఉన్నది. ఆమె కూర్చొని ఉన్నది. అతడు కూర్చొని లేడు.

6. అయ్యా, ఇది కేసుకు సంబంధించినది కాదని తమరు అనవచ్చును. అయినా వ్రాయక తప్పదు. రాస్తారోకోలో ఉన్నవారు పరుగున వచ్చినారు. నా కుమారుని నోట వచ్చిన మొదటి మాటలతోనే మేము ఏ ప్రాంతం వారమో వారికి తెలిసిపోయి ఉంటుంది. వాడు బాగా భయపడినాడు. ఒక్కరు కూడా వాడిని అనరాని మాట అనలేదు, చేయి వేయలేదు. "దవాఖానకు నడువుండ్రి, జల్ది!" అంటూ గోపయ్యను మా కారులోనే పడుకోబెట్టినారు. మండుతున్న టైర్లను కర్రలతో పక్కకు ఈడ్చి దారి ఇచ్చినారు. పేరు తెలియని ఒకాయన తన కండువా విప్పి గోపయ్య తలకు చుట్టి, ఆ తలను ఒడిలో పెట్టుకొని ఆసుపత్రి దాకా వచ్చినాడు.

గోపయ్య ఆసుపత్రిలో కన్ను మూసినాడు.

7. ఆసుపత్రి ఆవరణలో పోలీసువారు నాగార్జునను బ్రేకు తొక్కమన్నారు. లైట్లు ఉన్నవి ఉన్నట్టే వెలుగుచున్నవి గాని కాంతి పెరగలేదు. డిక్కీ అట్ట తీస్తే టేపు జారి, బ్రేకు వైరు విడివడి ఉన్నది. కిష్టమ్మ కూడా ఇదే చెప్పినది. అప్పుడు ఆమెకు భర్త పోయినాడని ఇంకా తెలియదు.

"ఎర్ర లైట్లు కనవడ్తనే ఉండె సారూ. బండి పోతనే ఉందనుకున్నం. ఆగిందని ఎట్ల తెల్వాలె మాకు?"

 నాగార్జున ఇన్‌స్పెక్టరుగారి వైపు తిరిగి, "కావాలనే చేశాడు సార్. మేం ఆంధ్రావాళ్ళమని కావాలనే వైరు వదిలేశాడు. వాడు రోజూ ఆ డేరాలోనే కూర్చుంటాడు" అన్నాడు.

ఆ మాట వాడు ముందుగా అనుకొని అన్నది కాదు. భయం వాడి చేత అనిపించినది. కాని ఒకసారి అన్నాక వాడు దానిని విడువలేదు. మరునాడు కాగితం మీద పెట్టినాడు. ఆ పూటే పోలీసువారు అంతయ్యను డేరాలో నుంచి లేపుకొని పోయినారు. ఉద్యమకారుడు కుట్ర చేసి సెటిలర్ల కారును ప్రమాదానికి గురిచేసినాడని టీవీలో కూడా వచ్చినది. చనిపోయిన గోపయ్య పేరు ఆ వార్తలో సరిగా లేదు.

8. నేను నా కుమారుని అడిగినాను.

"అంతయ్య చెప్పాడు కదరా. నీకు చెప్పాడు, నా ఎదురుగా చెప్పాడు."

"చెప్పాడు. అయితే ఏం చెయ్యమంటావు నాన్నా? తప్పు నాదని ఒప్పుకుంటే ఈ రోజుల్లో ఊరుకుంటారా? ఆంధ్రావాడు తెలంగాణ రైతుని చంపాడంటారు. ఇల్లు తగలబెడతారు."

"ఆ రోజు రోడ్డు మీద ఎవరైనా నిన్ను కొట్టారా?"

 నా కోడలు భావన ఇప్పుడు నిండు నెలలతో ఉన్నది. ఆమె తలుపు దగ్గర నుంచి, "మామయ్యగారూ, ఆయన జైలుకెళ్తే నేనేమైపోవాలి?" అన్నది. 

9. ఆ తరువాత అంతయ్య భార్య తిరుపతమ్మ మా ఇంటికి వచ్చినది. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం అవతలే నిలబడినది.

"పెద్ద సారూ, మా ఆయినె ఆ రోజు ఇంటికొచ్చి ఏమన్నడో ఎర్కేనా? సారు బండి వైరు ఉత్తగ చుట్టొచ్చిన, పొద్దుగాల్నే పోయి అతికియ్యాలె అన్నడు. పొద్దుగాల కరెంటే రాకపాయె. మీరు గాడనే ఉన్నరంట గదా. జర ఆ మాట ఠాణాల చెప్పుండ్రి. ఆయినె నడ్వలేకపోతున్నడు సారూ, మొఖమంత ఉబ్బింది. చూసొచ్చిన."

నా కుమారుడు లోపలి గదిలో నుంచి వచ్చి తలుపు వేసినాడు. వేసిన తలుపు అవతల ఆమె చాలాసేపు నిలబడి, వెళ్ళిపోయినది. నేను ఇవతల నిలబడే ఉన్నాను.

10. నిన్న నేను కిష్టమ్మను చూడబోయినాను. ఆమె భుజం ఎముక విరిగినది. భర్త సంగతి ఇప్పుడు తెలుసు. నేను ఆ కారులో ఉన్నవాణ్ణని చెప్పుకొన్నాను. ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు తేలిక అయ్యేది. "లైట్లు బిగించినాయినెను కొట్టిన్రంట గదా సారూ?" అని అడిగినది. అవునన్నాను. "ఆయినెను కొడ్తె మా ఆయినె లేచొస్తడా?" అన్నది. ఈ అర్జీ వ్రాయవలెనని నేను అక్కడే నిశ్చయించుకొన్నాను.

11. కావున తమరిని కోరుకొనుచున్నది ఏమనగా:

అ) లైట్లు బిగించిన నాడును, ప్రమాదము జరిగిన నాడును నేను స్వయముగా ఉన్నందున, నా వాంగ్మూలమును తక్షణము నమోదు చేయవలెను.

ఆ) అంతయ్య కుట్ర చేసినాడన్న ఆరోపణ పూర్తిగా అసత్యము గనుక దానిని తొలగించి, అతనిని వెంటనే విడిచిపెట్టవలెను. అతనికి తగిలిన దెబ్బలకు వైద్యము చేయించవలెను.

ఇ) లైటు సరిగా లేని బండిని, హెచ్చరిక విని కూడా రోడ్డు మీదకు తెచ్చిన నా కుమారుడు నాగార్జునపై చట్టప్రకారము తీసుకొనవలసిన చర్య తీసుకొనవలెను. ఈ వాక్యమును మూడు విధములుగా వ్రాసి కొట్టివేసినాను. ఇంకో విధముగా వ్రాయుట నాకు చేతకాలేదు. వాడు చెడ్డవాడు కాడు. చిన్నప్పుడు చీమను తొక్కితే ఏడ్చేవాడు. ఈ సంగతి చట్టమునకు పనికిరాదని నాకు తెలుసు.

ఈ) నేను తెలిసి తెలిసి ఆ కారు ఎక్కినవాడను, దిగిపోకుండా కూర్చొన్నవాడను. అందుకు నాపై తీసుకొనదగిన చర్య ఏదైనా ఉన్నచో దానికి సిద్ధముగా ఉన్నాను.

ఇందులో వ్రాసినది ప్రతి అక్షరమూ నిజమని ప్రమాణము చేయుచూ, తమరు ఒక్కసారి నన్ను ఎదుట నిలబెట్టుకొని వినవలెనని ప్రాధేయపడుచున్న

తమ విధేయుడు,
పట్టాభి

తా.క. అయ్యా, ఉదయం ఈ కాగితం నా కొడుకు చదివాడు. చింపుతాడనుకున్నాను, చింపలేదు. మడిచి నా చేతికే ఇచ్చి, "ఇది ఇచ్చాక మళ్ళీ ఈ ఇంటికి రావద్దు నాన్నా" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. కోడలు లోపల ఏడుస్తున్నది. ఇల్లు నా పేరునే ఉన్నది గాని, ఆ మాట నాకు నోట రాలేదు. అందుచేత నాకేదైనా నోటీసు పంపవలసి వస్తే ఇంటికి పంపవద్దు. తమ ఆఫీసు ముందు వరండాలో బల్ల మీద కూర్చున్నాను. లోపలికి పిలిచేదాకా ఇక్కడే ఉంటాను.

ఆ చివర తిరుపతమ్మ ఒడిలో టిఫిను డబ్బా పెట్టుకొని కూర్చున్నది. నేను ఏమి వ్రాసినానో ఆమెకు తెలియదు, అడగలేదు. నావైపు చూడటం లేదు. ముందు ఆమెను పిలవండి. నేను తరువాత వస్తాను.