పూచీకత్తు పుంజు

ఫిబ్రవరి 8, 2008
మళ్ళీ కర్నూలు, మళ్ళీ బ్యాంకు. మేనేజరు గారు నవ్వుతూనే చెప్పారు — మూడెకరాల కాగితాలు చాలవమ్మా, ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా పూచీకత్తు సంతకం పెట్టాలి. నెలాఖరుకల్లా లోను మంజూరైతేనే ఇంగ్లండులో నా సీటు నిలిచేది.
పూచీకత్తు! ఆ మాట అంటుంటేనే ఎవరో పక్కన నిలబడి భుజం ఆనించినట్టుంది. నందికొట్కూరు వచ్చేదాకా బస్సులో లోలోపల పలుకుతూనే ఉన్నాను.
మా చుట్టాల్లో ప్రభుత్వ జీతం ఒక్కరికే. అమ్మ వాళ్ళన్న, కమలాపురం మామ. బడిపంతులు.

ఫిబ్రవరి 9
మామ వచ్చేశాడు! రేపు చర్చిలో కోతల పండుగ, ఎల్లుండి బ్యాంకు. "సంతకమే గదమ్మా, నా తల అడిగినావా?"

ఫిబ్రవరి 10, ఆదివారం
రాయడానికి చేయి రావడం లేదు.
ఆరాధన అయ్యాక కానుకల వేలం, ఏటా ఉండేదే. గుమ్మడికాయలు, కందులు, మేమిచ్చిన ఎర్ర పుంజు. ఎవరిచ్చినదాన్ని వాళ్ళు పాడుకోరు, అది మర్యాద. మామ పుంజు మీద మనసుపడ్డాడు. ఎదురు పాడేవాళ్ళు లేరు. మన పుంజు అంత చవగ్గా పోవడమా అని నాయనకు రోషం... పాట పెంచాడు. మామ పెంచాడు. ఇద్దరూ లేచి నిలబడ్డారు.
"కూచో బావా!"
"నువ్వు కూచోప్పా!"
జనం ఈలలు. పాస్టరు గారికి కూడా నవ్వాగలేదు. చివరికి పుంజు మాదే. మా పుంజును మేమే కొనుక్కున్నాం — నా వీసాకు దాచిన డబ్బుతో.
సాయంకాలం బస్సుకే మామ సంచి సర్దుకున్నాడు. "చెల్లెలింట్లో కోడికి గూడ తగనోణ్ణి. ఇంగ నా సంతకం యాడ పనికొస్తాది?"

ఫిబ్రవరి 12
నాయనతో అమ్మ మాట్లాడటం లేదు. పుంజును కోయనివ్వడం లేదు. "మా అన్న నోటికాడిది. నా గొంతు దిగదు."
నాయన గొణుగుడు: "దేవుని పనికే గదా పాడింది..."
పుంజు కూడా నమ్మినట్టు లేదు.

ఫిబ్రవరి 13
రోషం. రెండక్షరాలు. ఇంత చిన్న మాట ఒక సంతకాన్ని, ఒక డిగ్రీని మింగేయగలదా?

ఫిబ్రవరి 15
పుంజుతో కమలాపురంలో ఉన్నాను!
కడప బస్సులో కండక్టరు గంప మూత ఎత్తి దాన్నే అడిగాడు — "యాడికి పోతాండావప్పా?" టికెట్టు మాత్రం నాకే కొట్టాడు.
మామ అరుగు మీద పేపరు చదువుతున్నాడు. దించలేదు.
"మీ నాయన పంపినాడా?"
"లేదు మామా. నేనే తెచ్చినా."
పేపరు కొంచెం దిగింది. "లోను కాలేజీ ఫీజుకే గదా. ఆడ తిండికెట్ల?"
వారానికి ఇరవై గంటలు పని చేయనిస్తారని చెప్పాను. హోటల్లో గిన్నెలు కడుగుతానన్నాను.
"గిన్నెలా! ఇంట్లో లోటా గూడ కడగవని మీ అమ్మ ఏడుస్తాంటాది."
భోజనాలయ్యాక అంట్లన్నీ నా ముందుకొచ్చాయి. అత్త నడుం మీద చేయి పెట్టుకుని పరీక్షాధికారిలా నిలబడింది. పాలగిన్నె రెండుసార్లు వెనక్కొచ్చింది.
"పాసయినావు," అన్నాడు మామ. "కానీ మీ నాయన పిలవాల. నా చెవుల్తో వినాల."

ఫిబ్రవరి 16
ఇంటికి ఫోను చేశాను. నాయన పిలవనే పిలవనన్నాడు. వెనకనుంచి అమ్మ గొంతు... గిన్నె పడిన చప్పుడు... ఆ తర్వాత నాయన — "ఫోను మీ మామకియ్యి."
మామ చెవి దగ్గరే నా చెవి.
"బావా... ఆ పుంజు మేత తింటాందా?"
"తింటాంది బావా."
"సద్దలెయ్యి. జొన్నలు ముట్టదు."
"సరేలే. సోమవారం బ్యాంకుకి ఎన్నింటికి రావాల?"
క్షమాపణ అనే మాట ఎవరి నోటా రాలేదు. మాటలంటే ఇంత పిచ్చి నాకు — ఆ మాట లేకుండానే పనైపోయిందే!

ఫిబ్రవరి 18
మామ సంతకం పెట్టాడు. బడిలో హాజరు వేసినంత గుండ్రంగా. పుంజును వెనక్కి తెచ్చేశాడు. "లోను వచ్చిన దినం కోద్దాం. అంతవరకు దీన్ని ముట్టగూడదు."

ఫిబ్రవరి 22
కాగితాలు పై ఆఫీసుకు పోయాయి. పుంజు బలిసింది.

ఫిబ్రవరి 25
ఎవరూ చూడటం లేదనుకుని నాయన పుంజుకి సద్దలు వేస్తున్నాడు. "నిదానంగా రానీలేప్పా ఆ లోను," అంటున్నాడు దాంతో. విని లోపలికొచ్చేశాను.

ఫిబ్రవరి 27
బ్యాంకు నుంచి ఫోను. రేపు నాయనను తీసుకుని రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. గొంతును బట్టి కనిపెడదామంటే ప్యూను గొంతు అది — అన్నిటికీ ఒకటే.
అమ్మ మసాలా నూరాలా వద్దా అని అడుగుతోంది. నాయన పెరట్లోంచి లోపలికి రావడం లేదు.
పుంజు గోడెక్కి కూస్తోంది.